పంపిన అర్జీ మన చేతిలోనే ఉండాలంటే: సొంత కంప్యూటర్‌లో ఈమెయిల్

కలెక్టరేట్‌కు అర్జీ తీసుకెళ్లేటప్పుడు రెండు జిరాక్సులు చేతిలో ఉండాలని, ఒకదాని మీద తపాల్ సెక్షన్‌లో ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోనిదే వెనక్కి రాకూడదని మన సంఘాల్లో పాతవాళ్లు ఎవరిని అడిగినా చెబుతారు. ఆ అలవాటు ఊరికే రాలేదు. 'మా ఆఫీసుకు ఏ అర్జీ రాలేదు' అనే ఒక్క మాటతో కేసులు ఎలా నీరుగారిపోతాయో చూసినవాళ్లు పెట్టుకున్న అలవాటు అది.

అదే మనుషులు, వాళ్ల తర్వాతి తరమైన మేమూ, ఈమెయిల్ దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త మర్చిపోతున్నాం. ఫోన్‌లో జీమెయిల్ తెరిచి, నాలుగు వాక్యాలు కొట్టి, ఒక ఫొటో తగిలించి పంపేస్తాం. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాం. గ్రూపులో దండాలు, పిడికిళ్లు వచ్చాక పని అయిపోయినట్టే. ఏడాది గడిచి కేసు విచారణకు వచ్చేసరికి ఆ ఫోన్ ఉండదు, పాస్‌వర్డ్ గుర్తుండదు, పంపిన కుర్రాడు బెంగళూరులో ఉద్యోగంలో ఉంటాడు. స్క్రీన్‌షాట్ మాత్రం మసకగా ఏదో గ్రూపులో దొరుకుతుంది.

మేము విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసుకుంటూ, వీలైనప్పుడు అట్రాసిటీ కేసుల బాధితులకు, ఫెలోషిప్ ఆగిపోయిన విద్యార్థులకు అర్జీలు రాసిపెట్టే కొద్దిమందిమి. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది చిన్న విషయమే: ఈమెయిల్‌ను ఫోన్ యాప్‌లోనో బ్రౌజర్‌లోనో కాకుండా, సొంత కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్‌లో పెట్టుకోవడం ఎలా, దాని నుంచి పంపడం ఎలా, పంపినదాన్ని సాక్ష్యంగా నిలిచేలా దాచుకోవడం ఎలా.

మెయిల్ ఎక్కడ ఉంటుంది?

ఫోన్‌లో కనిపించే మెయిల్ నిజానికి కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. మనం కిటికీలోంచి దాన్ని చూస్తున్నాం, అంతే. కిటికీ మూసే హక్కు వాళ్లది. రెండేళ్ల పాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగిస్తామని గూగుల్ ప్రకటించి, 2023 డిసెంబరు నుంచి అమలు మొదలుపెట్టింది. ఒక కేసు కోసమే ఖాతా తెరిచి, ఆ తర్వాత వదిలేసే అలవాటు మన సంఘాల్లో ఎక్కువ. కేసు మాత్రం రెండేళ్లలో తేలదు.

విద్యార్థుల సంగతి ఇంకా సున్నితం. యూనివర్సిటీ ఇచ్చిన మెయిల్ ఖాతా యూనివర్సిటీదే. కోర్సు అయిపోతేనో, అడ్మిషన్ రద్దు చేస్తేనో ఆ ఖాతాను మూసేసే అధికారం వాళ్ల చేతిలో ఉంటుంది. గైడ్ మీద, విభాగాధిపతి మీద వివక్ష ఫిర్యాదు చేసిన విద్యార్థి, ఆ ఫిర్యాదు ప్రతులన్నీ అదే సంస్థ ఇచ్చిన ఖాతాలో ఉంచుకోవడమంటే, తాళం ఎదుటివాడికిచ్చి సామాను వాడి గదిలో పెట్టడమే. ఫెలోషిప్ ఉత్తరాలు, హాజరు పత్రాలు, సూపర్‌వైజర్‌తో జరిగిన సంభాషణ, అన్నీ ఒక్క రోజులో అందకుండా పోతాయి.

డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ చేసేది ఏమిటంటే, సర్వర్‌లో ఉన్న మెయిళ్ల ప్రతిని మన హార్డ్ డిస్క్‌లోకి దించుతుంది. నెట్ లేకపోయినా చదువుకోవచ్చు, వెతుక్కోవచ్చు, కొత్తవి రాసిపెట్టుకోవచ్చు.

ఇలాంటి ప్రోగ్రాముల్లో మేము వాడేది, ఇతరులకు చెప్పేది థండర్‌బర్డ్. డబ్బు కట్టనక్కర్లేదు, దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. 2004లో మొజిల్లా వాళ్లు మొదటి పూర్తి వెర్షన్ విడుదల చేశారు, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తున్నాయి. పాత సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌లో కూడా పని చేస్తుంది. విండోస్‌తో వచ్చే కొత్త ఔట్‌లుక్ ఉంది కదా అని అడుగుతారు. అందులో జీమెయిల్ లాంటి బయటి ఖాతా పెట్టినా ఆ మెయిళ్లు మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లోకి కూడా వెళ్తాయి. మన ప్రతి మన దగ్గర ఉండాలనుకున్నప్పుడు అది కుదిరే దారి కాదు.

ఖాతా పెట్టడం

థండర్‌బర్డ్ డాట్ నెట్ నుంచే దించుకోండి. వేరే సైట్ల నుంచి, పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఇచ్చిన సెటప్ ఫైలు నుంచి వద్దు. ఇన్‌స్టాల్ చేసి తెరవగానే పేరు, మెయిల్ చిరునామా అడుగుతుంది. పేరు దగ్గర ముద్దుపేరో, కలం పేరో పెట్టొద్దు. కుల ధ్రువీకరణ పత్రంలో, ఆధార్‌లో ఎలా ఉందో అలాగే ఇవ్వండి. అర్జీ మీద ఒక పేరు, మెయిల్ మీద ఇంకో పేరు ఉంటే, ఈ ఇద్దరూ ఒకరేనని నిరూపించే భారం మన మీద పడుతుంది.

చిరునామా ఇచ్చి ముందుకు వెళ్తే మిగతా వివరాలు ప్రోగ్రామే కనుక్కుంటుంది. జీమెయిల్ అయితే గూగుల్ వాళ్ల కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ అక్కడ ఇచ్చి, థండర్‌బర్డ్‌కు అనుమతి ఇస్తే సరిపోతుంది. ఈ పద్ధతిలో మన పాస్‌వర్డ్ థండర్‌బర్డ్‌లో దాచబడదు, గూగుల్ ఇచ్చిన ఒక అనుమతి టోకెన్ మాత్రమే ఉంటుంది. కొన్ని ఇతర కంపెనీల ఖాతాలకు యాప్ పాస్‌వర్డ్ అని విడిగా ఒకటి తయారు చేసుకోవాల్సి వస్తుంది. యూనివర్సిటీ ఖాతాల్లో కొన్ని చోట్ల బయటి ప్రోగ్రాములకు అనుమతి ఉండదు. కంప్యూటర్ సెంటర్‌లో అడగాలి.

వివరాలు దానంతట అది కనుక్కోలేకపోతే చేత్తో ఇవ్వాలి. వచ్చే మెయిల్‌కు ఐమ్యాప్ అయితే పోర్టు 993, పాప్ అయితే 995. పోయే మెయిల్‌కు ఎస్‌ఎంటీపీ, పోర్టు 465 లేదా 587. భద్రత అన్న చోట ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ ఉండాలి, 587కు మాత్రం స్టార్ట్‌టీఎల్‌ఎస్. 'ఏదీ వద్దు' అని కనిపించే ఎంపిక జోలికి పోకండి. అలా పెడితే హాస్టల్ వైఫైలో, నెట్ సెంటర్‌లో మన పాస్‌వర్డ్ విప్పి ఉన్న పోస్టుకార్డులా పోతుంది.

ఐమ్యాప్, పాప్ అనే రెండింట్లో ఏది ఎంచుకోవాలన్నది చాలామంది పట్టించుకోరు. ఇక్కడ కాస్త ఆగాలి. ఐమ్యాప్ అంటే అద్దం. సర్వర్‌లో ఏముంటే కంప్యూటర్‌లో అదే కనిపిస్తుంది, ఫోన్‌లోనూ అదే. సౌకర్యమే, కానీ సర్వర్‌లో ఎవరైనా మెయిల్ చెరిపేస్తే, తర్వాతి సారి కనెక్ట్ అయినప్పుడు మన కంప్యూటర్‌లోంచి కూడా పోతుంది. పాప్ అంటే సంచీ. సర్వర్ నుంచి మెయిల్ తెచ్చుకుని మన దగ్గర పెట్టుకుంటుంది, కానీ ఇన్‌బాక్స్‌లోవే తెస్తుంది, మనం పంపినవి తేదు. అందుకని మేము చెప్పేది: ఐమ్యాప్ పెట్టుకోండి, ముఖ్యమైనవాటిని 'లోకల్ ఫోల్డర్స్' అనే చోటికి కాపీ చేయండి. థండర్‌బర్డ్‌లో ఎడమ పక్కన ఖాతాల కింద ఆ పేరుతో ఒక విభాగం ఉంటుంది. అందులో పెట్టింది మన డిస్క్‌లోనే ఉంటుంది, సర్వర్‌తో దానికి ఏ సంబంధమూ ఉండదు. కేసుకొక ఫోల్డర్ తెరిచి, వచ్చినవీ పంపినవీ రెండూ అందులోకి కాపీ చేయాలి. 'మూవ్' కాదు, 'కాపీ'. సర్వర్‌లో అసలు ప్రతి అలాగే ఉండనివ్వండి.

అకౌంట్ సెట్టింగ్స్‌లో సింక్రనైజేషన్ అనే పేజీ ఉంటుంది. ఈ ఖాతాలోని మెయిళ్లను ఈ కంప్యూటర్‌లో ఉంచు అన్న గడిలో టిక్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే నెట్ పోయినప్పుడు శీర్షికలే కనిపిస్తాయి, లోపల ఏమీ ఉండదు.

రాయడం, పంపడం

ముందు తెలుగు సంగతి. మన దగ్గర అర్జీలు ఎక్కువగా డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టిస్తాం. అది కాగితం మీద అందంగా వస్తుంది. దాన్నే కాపీ చేసి మెయిల్‌లో అంటిస్తే అవతలివాళ్లకు కనిపించేది అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల గుంపు. అను ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల గుర్తుల మీదే తెలుగు బొమ్మలు అతికించినవి కాబట్టి ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ముసుగు తొలగిపోతుంది. మెయిల్‌లో నేరుగా రాసేది యూనికోడ్‌లోనే ఉండాలి. విండోస్‌లో తెలుగు కీబోర్డు చేర్చుకుంటే చాలు. ఫోన్‌లో మనం కొట్టేదంతా ఇప్పటికే యూనికోడే. డీటీపీలో చేయించిన అర్జీని మాత్రం పీడీఎఫ్‌గా మార్పించి, అటాచ్ చేయండి. సంతకం చేసిన కాగితం స్కాన్ అయితే ఇంకా మంచిది. అసలు విషయాన్ని మెయిల్ ఒంట్లో కూడా రాయాలి. 'జతపరచిన అర్జీ చూడగలరు' అని ఒక్క ముక్క రాసి పంపితే, అటాచ్‌మెంట్ తెరుచుకోలేదన్న సాకు వాళ్లకు మనమే ఇచ్చినట్టు.

సబ్జెక్ట్ లైన్‌లో 'న్యాయం చేయండి' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. క్రైం నంబరు, పోలీస్ స్టేషన్, ఏ చట్టం కింద ఏమి అడుగుతున్నామన్నది ఉండాలి. ఉదాహరణకు, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 15ఎ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారుకు ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా, వెంటనే ఇవ్వాలి. ఇవ్వకపోతే 'క్రైం నంబరు ఫలానా: 15ఎ సెక్షన్ కింద ఎఫ్‌ఐఆర్ ప్రతి కోసం వినతి' అని రాయండి. ఒక మెయిల్‌లో ఒక్కటే అడగండి. ఎఫ్‌ఐఆర్ ప్రతి, నష్టపరిహారం, రక్షణ, ఊళ్లో నీళ్ల ట్యాంకు సమస్య అన్నీ కలిపి రాస్తే, అన్నిటికన్నా తేలికైనదానికి జవాబిచ్చి ఫైలు మూసేస్తారు. అత్యాచార బాధితుల పేర్లు సబ్జెక్ట్‌లో గానీ, నలుగురికి వెళ్లే మెయిల్‌లో గానీ రాయకూడదు. బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరం కూడా.

ఎవరికి పంపాలి? 'టు'లో బాధ్యత ఉన్న అధికారి ఒక్కరే. 'సీసీ'లో ఎస్పీ, కలెక్టర్. జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీకి కలెక్టరే అధ్యక్షుడు కాబట్టి ఆ హోదాను పేర్కొంటూ రాస్తే మంచిది. అవసరాన్ని బట్టి జాతీయ ఎస్సీ కమిషన్. మన సంఘం సభ్యులను చేర్చాలంటే 'బీసీసీ'లో పెట్టండి. సీసీలో పెడితే గ్రామంలో ఎవరెవరు వెనకాల ఉన్నారో ఒక్క మెయిల్‌తో జాబితా ఇచ్చినట్టవుతుంది. అది ఎవరి చేతికి చేరుతుందో మనకు తెలియదు.

చిరునామాను జిల్లా అధికారిక వెబ్‌సైట్ నుంచే తీసుకోండి. అక్కడ స్పామ్ రాకుండా 'ఎట్', 'డాట్' అని బ్రాకెట్లలో అక్షరాలు రాసి ఉంటాయి. వాటిని గుర్తులుగా మార్చుకోవాలి. నేరుగా కాపీ చేస్తే మెయిల్ వెళ్లదు. అధికారిక చిరునామా అని పట్టుబట్టడానికి చట్టపరమైన కారణం ఒకటుంది. ఐటీ చట్టం, 2000లోని 13వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, సందేశం పంపినవారి అదుపులో లేని కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రవేశించిన క్షణమే దాన్ని పంపినట్టు లెక్క. అందుకునేవారు ఫలానా వ్యవస్థకు పంపమని నిర్దేశించి ఉంటే, అందులోకి ప్రవేశించిన క్షణమే అందినట్టు లెక్క. చదివారా లేదా అన్నదానితో పని లేదు. అదే మనం ఎవరో చెప్పిన ఇంకో చిరునామాకు పంపితే, వాళ్లు దాన్ని తెరిచి తీసుకున్నప్పుడే అందినట్టు. తేడా చిన్నది కాదు.

ఇక మేము అందరికీ ముందుగా చెప్పే చిట్కా. సీసీలో మీదే ఇంకో ఖాతాను, వేరే కంపెనీ ఖాతాను, తప్పకుండా చేర్చండి. ఎందుకంటే 'సెంట్' ఫోల్డర్‌లో ఉండే ప్రతి మన కంప్యూటర్ రాసుకున్నది. దాని మీద ఉన్న తేదీ మన గడియారం చెప్పిన తేదీ. రెండో ఖాతాలోకి చేరిన ప్రతి మీద మాత్రం దారిలో ఉన్న ప్రతి సర్వరూ తన పేరు, తేదీ, సమయం ముద్ర వేస్తుంది. మెయిల్ తెరిచి కంట్రోల్, యూ కలిపి నొక్కితే పైన 'రిసీవ్డ్' అనే వరుసలు కనిపిస్తాయి, అవే ఆ ముద్రలు. తపాల్ సెక్షన్‌లో మన కాపీ మీద కొట్టించుకున్న ముద్రతో దీన్ని పోల్చవచ్చు, కాకపోతే కొట్టింది కలెక్టరేట్ కాదు, మధ్యలో ఉన్న పోస్టాఫీసులు. ఈ సందర్భంలోనే ఇంకో మాట. సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌లలో లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి, ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎప్పటిదో పాతది చూపించడం మామూలే. అలాంటి యంత్రం నుంచి అర్జీ పంపితే తేదీ గడిలో పదేళ్ల కిందటి తేదీ పడుతుంది. ఎదుటి పక్షం లాయరుకు అంతకన్నా ఏం కావాలి? పంపేముందు గడియారం చూసుకోండి.

నెట్ సరిగా లేని ఊళ్లలో ఇంకో సౌలభ్యం పనికొస్తుంది. నింపాదిగా రాసి, 'సెండ్ లేటర్' నొక్కితే మెయిల్ ఔట్‌బాక్స్‌లో కూర్చుంటుంది. మండల కేంద్రానికి వచ్చి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాక ఒకేసారి పంపవచ్చు. పంపడం మర్చిపోతే అది అక్కడే ఉండిపోతుంది. సెంట్‌లోకి చేరిందో లేదో చూసుకోవాలి.

అటాచ్‌మెంట్ల బరువు గురించి: జీమెయిల్ హద్దు 25 ఎంబీ. మెయిల్‌లో ప్రయాణించేటప్పుడు ఫైలు బరువు సుమారు మూడో వంతు పెరుగుతుంది. అవతలి సర్వర్ హద్దు ఇంకా తక్కువ ఉండొచ్చు. అందుకని ఐదారు ఎంబీలకు మించకుండా, రెండు మూడు మెయిళ్లుగా పంపండి. గాయాల ఫొటోలు, కాలిన ఇళ్ల ఫొటోలు వాట్సాప్‌లో వచ్చినవి పంపకండి. వాట్సాప్ ఫొటోను కుదిస్తుంది, ఎప్పుడు తీసిందీ చెప్పే సమాచారాన్ని తీసేస్తుంది. తీసిన ఫోన్ నుంచి కేబుల్‌తో దించుకున్న అసలు ఫైలే జత చేయాలి.

మెయిల్ తిరిగొస్తే చెరిపేయకండి. 'బాక్స్ నిండిపోయింది', 'చిరునామా లేదు' అంటూ వచ్చే ఆ జవాబు కూడా దస్తావేజే. ఫలానా రోజున ప్రయత్నించామని అది చెబుతుంది. దాన్ని కూడా కేసు ఫోల్డర్‌లో పెట్టి, ఇంకో అధికారిక చిరునామాకు అదే అర్జీని మళ్లీ పంపండి. రీడ్ రిసీప్ట్ అడిగే సదుపాయం ఉంది కానీ దాన్ని పంపడమో మానడమో అవతలివారి ఇష్టం. మాకైతే దాని మీద పెద్ద ఆశ లేదు.

ఈమెయిల్ దేనికి చాలదు

ఇది మొహమాటం లేకుండా చెప్పాలి. ఎలక్ట్రానిక్ రూపంలోనే దరఖాస్తు తీసుకోవాలని ప్రభుత్వ కార్యాలయాన్ని బలవంతపెట్టే హక్కు ఐటీ చట్టం ఇవ్వలేదు. 9వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా అంటుంది. పోలీసులకు నేరం గురించి మెయిల్‌లో సమాచారం ఇవ్వవచ్చని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. కానీ సమాచారం ఇచ్చినవారు 3 రోజుల్లో సంతకం చేస్తేనే అది రికార్డుకెక్కుతుంది. మెయిల్ పంపి ఇంట్లో కూర్చుంటే కాదు. మూడు రోజుల్లో స్టేషన్‌కు వెళ్లాలి, వెళ్లినట్టు ఇంకో మెయిల్ రాయాలి. ప్రాథమిక విచారణ చేశాకే ఎఫ్‌ఐఆర్ అని స్టేషన్‌లో అంటే, అట్రాసిటీ చట్టంలో 2018లో చేర్చిన 18ఎ సెక్షన్ దాని అవసరం లేదని చెప్పిందని గుర్తు చేయండి. నోటితో చెప్పి ఊరుకోకుండా, ఆ సంభాషణ జరిగిన రోజే మెయిల్‌లో రాసి పెట్టండి.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి పంపాలన్న నిబంధన అట్రాసిటీ రూల్స్‌లో ఉంది. అక్కడ రాసి ఉన్నది రాతపూర్వకంగా, పోస్టులో అని. కాబట్టి పోస్టు మానకండి. పోస్టులో వేసి, ఆ రసీదు ఫొటోతో మెయిల్ కూడా పంపండి. సమాచార హక్కు చట్టం ఒక్కటే కొంత ఉదారంగా ఉంది. 6వ సెక్షన్ రాతపూర్వకంగా లేదా ఎలక్ట్రానిక్ పద్ధతిలో దరఖాస్తు చేయవచ్చంటుంది.

మరి మెయిల్ ఎందుకు? గడువుల కోసం. అట్రాసిటీ రూల్స్ ప్రకారం తక్షణ సాయం 7 రోజుల్లో అందాలి. దర్యాప్తు ముగించి చార్జిషీటు వేయడానికి 60 రోజులు. ఆలస్యమైతే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. విధులను కావాలని నిర్లక్ష్యం చేసిన అధికారి మీద 4వ సెక్షన్ ఉంది. ఆ సెక్షన్‌ను కదిలించాలంటే అధికారికి విషయం తెలుసు, ఫలానా తేదీన తెలుసు అని మనం చూపించాలి. ఎనిమిదో రోజున ఒక మెయిల్, అరవై ఒకటో రోజున ఒక మెయిల్, ప్రతిదీ మొదటి మెయిల్‌కు 'రిప్లై ఆల్'గా. అప్పుడు మొత్తం వరుస ఒకే దారంలో కనిపిస్తుంది. థండర్‌బర్డ్ క్యాలెండర్‌లో ఈ తేదీలు ముందే వేసుకోవచ్చు.

కోర్టు దాకా వెళ్తే

చుండూరులో 1991 ఆగస్టు 6న జరిగిన హత్యాకాండ కేసులో ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు సాక్ష్యాలు నిలబడవంటూ నిందితులందరినీ వదిలేసింది. అక్కడ ఈమెయిల్ ఉండి ఉంటే కథ మారేదని చెప్పడం తెలివితక్కువ. మన కేసులు పదేళ్లు, ఇరవై ఏళ్లు నడుస్తాయని, అన్నేళ్లు గడిచాక ఎప్పుడు, ఎక్కడ అన్న ప్రశ్నల దగ్గరే గండి పడుతుందని గుర్తు చేయడానికే చెబుతున్నాం. అంతకాలం నిలిచే రూపంలో దాచుకోవాలి.

ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని కోర్టులో పెట్టాలంటే దానితో సర్టిఫికెట్ తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పట్లో అది సాక్ష్య చట్టం 65బి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో అది 63వ సెక్షన్. సర్టిఫికెట్‌కు ఇప్పుడు రెండు భాగాలు: మొదటిది రికార్డు ఇస్తున్న మనిషి రాసేది, రెండోది నిపుణుడు రాసేది. ఏ పరికరం, అది ఎవరి అదుపులో ఉంది, క్రమం తప్పకుండా వాడేదేనా, అన్నవి అందులో చెప్పాలి. హాస్టల్ కామన్ రూమ్ కంప్యూటర్‌లో నలుగురు వాడే ఖాతా నుంచి పంపిన మెయిల్‌కు ఈ సర్టిఫికెట్ ఎవరు రాస్తారు? సంఘానికి ఒక లాప్‌టాప్, దానికి ఒక బాధ్యుడు అన్న ఏర్పాటు అందుకే.

సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ అని ఒక గడి ఉంటుంది. ఫైలు మొత్తాన్ని ఒక లెక్కలో వేసి తీసిన పొడవాటి సంఖ్య అది. ఫైలులో ఒక్క కామా మారినా సంఖ్య పూర్తిగా మారిపోతుంది. మెయిల్ మీద కుడి నొక్కు నొక్కి 'సేవ్ యాజ్' అంటే ఈఎంఎల్ అనే రకం ఫైలు వస్తుంది. అందులో సర్వర్ ముద్రలు, అటాచ్‌మెంట్లు సహా మొత్తం మెయిల్ ఉంటుంది. దానికి షా-256 హ్యాష్ తీయండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్స్‌లో షా256సమ్ అనే చిన్న ఆజ్ఞతో పని అయిపోతుంది. ఆ సంఖ్యను, తేదీని కేసు రిజిస్టర్‌లో పెన్నుతో రాసి, ఇద్దరు సంతకం పెట్టండి. పీడీఎఫ్ ప్రింట్ లాయరు చదువుకోవడానికి, స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టుకోవడానికి. దాచాల్సింది ఈఎంఎల్.

మన మీదికే తిరగకుండా

మెయిళ్లన్నీ ఒక చోట చేరాయంటే, ఆ లాప్‌టాప్ పోతే అన్నీ ఒకేసారి పోతాయని, ఎవరి చేతికైనా చిక్కితే అన్నీ ఒకేసారి చిక్కుతాయని కూడా అర్థం. డిస్క్ మొత్తానికి ఎన్‌క్రిప్షన్ పెట్టుకోండి. థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకోండి. అది దాచిన పాస్‌వర్డ్‌లను కాపాడుతుంది, దించుకున్న మెయిళ్లను కాపాడదు. చాలామంది ఇక్కడ పొరపడతారు. నెట్ సెంటర్‌లో, ఇతరుల కంప్యూటర్‌లో థండర్‌బర్డ్‌లో ఖాతా పెట్టనే వద్దు.

అటాచ్‌మెంట్ల విషయంలో భీమా కోరేగావ్ కేసు మన ముందుంది. రోనా విల్సన్ కంప్యూటర్‌ను పరిశీలించిన అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్, 2016 జూన్‌లో వరవరరావు ఖాతాను ఎవరో వాడుకుని పంపిన మెయిల్‌లోని లింకు ద్వారా నెట్‌వైర్ అనే మాల్‌వేర్ లోపలికి చేరిందని, ఆ తర్వాత ఆ కంప్యూటర్‌లో ఫైళ్లు దొంగచాటుగా పెట్టారని 2021లో వెల్లడైన నివేదికలో చెప్పింది. ఎన్‌ఐఏ దాన్ని ఒప్పుకోలేదు. మనకు సంబంధించినంతవరకు విషయం ఇది: మెయిల్ తెలిసినవారి ఖాతా నుంచే వచ్చింది. తెలిసినవాళ్లు పంపినా అనుకోని అటాచ్‌మెంట్ వస్తే ఫోన్ చేసి అడిగాకే తెరవండి. 'స్కాలర్‌షిప్ మంజూరు', 'కౌంటర్ అఫిడవిట్' లాంటి పేర్లతో వచ్చేవాటి దగ్గర మరీ జాగ్రత్త. బయటి బొమ్మలను థండర్‌బర్డ్ మామూలుగా చూపించదు, అడిగి చూపిస్తుంది. ఆ బొమ్మ తెరిచిన క్షణమే మనం మెయిల్ చదివామన్న సంగతి, మన ఐపీ చిరునామా పంపినవాళ్లకు తెలుస్తాయి. అడిగినప్పుడల్లా సరే అనకండి.

లాయరుతో, సాక్షులతో జరిపే సంభాషణకు ఎన్‌క్రిప్షన్ వాడవచ్చు. 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి ఓపెన్‌పీజీపీ థండర్‌బర్డ్‌లోనే ఉంది. ఇద్దరి దగ్గరా తాళంచెవులు ఉండాలి, ఆ చెవి పోగొట్టుకుంటే పాత మెయిళ్లు మనమే చదవలేం. ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారన్నది అప్పటికీ దాగదు. కలెక్టర్‌కు పంపే అర్జీకి ఇది అక్కర్లేదు. అది నలుగురూ చదవాలనే రాస్తున్నాం.

నెలకొకసారి థండర్‌బర్డ్ మూసేసి, ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని, ఈఎంఎల్ ఫైళ్ల ఫోల్డర్‌ను రెండు ఎన్‌క్రిప్ట్ చేసిన పెన్‌డ్రైవ్‌లకు కాపీ చేయండి. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ పేజీ తెరిస్తే ప్రొఫైల్ ఎక్కడుందో చూపిస్తుంది. ఒకటి సంఘం ఆఫీసులో, ఒకటి వేరే ఊళ్లో నమ్మకమైనవాళ్ల ఇంట్లో. కాపీ అయ్యాక రెండో కంప్యూటర్‌లో పెట్టి ఒక ఈఎంఎల్ ఫైలు తెరుచుకుంటుందో లేదో చూసి, దాని హ్యాష్ రిజిస్టర్‌లో రాసిన సంఖ్యతో సరిపోయిందని తేదీ వేసుకోండి.